ఎనిమిదోసారి కడిగాక

ఆయనకేం పోయింది చెప్పండి బాబాయ్! కండెన్సర్ గాజు గొట్టం చివర గోరుముక్కంత చిట్లింది, అంతేగా? నీళ్ళు కారడం లేదు, ఆవిరి పోవడం లేదు. తొమ్మిదేళ్ళు నా చేతిలో పనిచేసింది పాపం. ఇవాళ స్టోరు కీపరుగారు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, అటు తిప్పి ఇటు తిప్పి, "పగిలిన సామాను వాపసు తీసుకోనమ్మా" అన్నారు. ఏదో వజ్రం బేరమాడుతున్నట్టు!

థీసిస్ ఇవ్వాలంటే ఆరు సంతకాలు కావాలి నాకు. లైబ్రరీ వాళ్ళది అయింది. హాస్టల్ వాళ్ళది అయింది. నేను హాస్టల్లో ఒక్క పూట కూడా లేను, అయినా "ఈమె మాకేమీ బాకీ లేదు" అని వాళ్ళూ పెట్టాలట, పెట్టారు. అయిదు అయ్యాయి. ఆరోది ఈయనది. ఏనుగు దూరింది గానీ తోక దగ్గర ఇరుక్కుంది.

సరే, కానివ్వండి. మంట వెలిగించండి. నేనీ స్టూలు మీద కూర్చుంటాను. ఏంటి, వెనక్కి జరగాలా? జరిగాను. ఇంకా? ఇదిగో, గోడ వరకూ జరిగాను, చాలా?

ఆ రబ్బరు ట్యూబు నోట్లో పెట్టుకున్నాక మీరెలాగూ మాట్లాడలేరు. ఊదాలి, గాజు తిప్పాలి, మంట చూసుకోవాలి. అందుకే మీ దగ్గర కూర్చోబుద్ధయిందేమో. ఈ కాలేజీలో నేను నోరు తెరవగానే మధ్యలో దూరి సలహా పారెయ్యని మనిషి మీరొక్కరే బాబాయ్.

పొద్దుట్నించీ ఎవరెదురైనా ఒకటే మాట. "ఏమ్మా, అయిపోయిందట కదా! డాక్టరైపోయావట కదా!" నవ్వుతున్నాను. ఏం చెయ్యను? నవ్వి నవ్వి దవడలు లాగేస్తున్నాయి.

అసలు నేనేం చేస్తానో మీకు తెలుసా? తొమ్మిదేళ్ళుగా నా ఫ్లాస్కులకి మెడలు అతికించారు. వాటిలో ఏం ఉడుకుతోందో మీరడగలేదు, నేను చెప్పలేదు.

పెద్ద బ్రహ్మవిద్యేం కాదులెండి. హైడ్రజైడ్ అని ఒకటుంటుంది, ఆల్డిహైడ్ అని ఇంకోటి. రెండిటినీ ఆల్కహాల్లో వేసి, నాలుగు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వేసి మరిగిస్తాం. అంటే ఏం లేదు, వెనిగర్లో ఉండేదే, కాకపోతే చిక్కటిది. అది మధ్యవర్తి. అది పక్కన నిలబడితేనే ఆ రెండూ కలుస్తాయి. కలిసి హైడ్రజోన్ అవుతాయి. దాన్ని చల్లటి నీళ్ళలో పోస్తే కిందకి దిగుతుంది. వడకట్టి, కడిగి, ఆరబెట్టుకోవడమే. పని అయిపోయాక మధ్యవర్తి ఇంటికి వెళ్ళిపోవాలి. వెళ్ళిందో లేదో చూసుకోవడానికే ఆ కడగడం.

అలాంటివి ఇరవై రెండు చేశాను. ఇరవై రెండిటినీ బ్యాక్టీరియా మీద పరీక్ష పెట్టాను. ఆ గాజు పళ్ళేలుంటాయి చూడండి, వాటిలో జావలాంటిది గడ్డకట్టించి, దాని మీద బ్యాక్టీరియా పులిమి, మన మందు అద్దిన కాగితపు బిళ్ళ మధ్యలో పెడతాం. మర్నాడు చూస్తే పళ్ళెమంతా మసక మసగ్గా బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ మాత్రం గుండ్రంగా, శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఎంత వెడల్పుంటే అంత గొప్ప.

ఇరవై ఒకటి ఎందుకూ కొరగాలేదు. ఒక్కటి వచ్చింది. పద్నాలుగోది. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు! బజార్లో దొరికే అసలు మందుకి ఇరవై ఆరు వస్తే, నా దానికి ఇరవై నాలుగు. స్కేలు పెట్టి నాలుగుసార్లు కొలిచాను. మా గైడు సార్ అయిదోసారి కొలిచారు. కొలిచి, కళ్ళజోడు తీసి, ఆ స్కేలుని చొక్కా జేబులో పెట్టేసుకుని వెళ్ళిపోయారు పాపం, సంతోషంలో. స్కేలు నాది.

అక్కణ్ణించి నేనంటే పద్నాలుగు, పద్నాలుగంటే నేను. పత్రికలో వచ్చింది. సభల్లో చెప్పారు. మా సార్ ఎక్కడ మైకు దొరికితే అక్కడ నా ఇరవై నాలుగు మిల్లీమీటర్ల గురించే.

ఇంట్లో అయితే ఇంక చెప్పక్కర్లేదు. మా అత్తయ్య!

మా అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. "మా కోడలు పుండ్లకి మందు కనిపెట్టింది" అని బస్సులో పక్కన కూర్చున్నావిడకి చెప్పేది. పాలు పోసే అతనికి చెప్పింది. గ్యాసు సిలిండర్ మోసుకొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, సిలిండర్ భుజం మీద ఉండగానే చెప్పింది. నేను "అత్తయ్యా, అది మందు కాదు, మందు కావడానికి ఇంకా ఇరవయ్యేళ్ళు పట్టచ్చు, అసలు కాకపోవచ్చు కూడా" అంటే, "నీకు దిష్టి భయం, నోరు మూసుకో" అనేది.

నవ్వకండి బాబాయ్, గాజు వంకరపోతుంది.

ఆవిడ దర్జీ తెలుసా? స్కూలు పిల్లల చొక్కాలు కుట్టేది. నలభయ్యేళ్ళు కాలితో మిషన్ తొక్కింది. మా ఆయన చదువు ఆ కాలి మీదే నడిచింది. నేను టీచరు ఉద్యోగం మానేసి రిసెర్చ్‌కి పోతానంటే మా పుట్టింటి వాళ్ళే మొహం అదోలా పెట్టారు. ఆవిడ మాత్రం మిషన్ ఆపకుండానే, "పాపని నేను చూస్తాలే, పోయి చదువుకో" అంది. అంతే. ఇంకో మాట అనలేదు, అప్పుడూ అనలేదు, తర్వాత తొమ్మిదేళ్ళలోనూ అనలేదు. నా కూతురు మొదటి అడుగులు వేసింది ఆ మిషన్ పట్టుకునే.

ఆవిడకి షుగర్. పాదాలకి స్పర్శ తగ్గిపోయింది. నాలుగు నెలల కిందట కింద పడ్డ సూది కుడి పాదంలో గుచ్చుకుంది. తెలియలేదు. రెండ్రోజులు ఆ సూదితోనే మిషన్ తొక్కింది. మూడోరోజు మేజోడుకి తడి అంటుకుంటే చూసుకుంది.

పుండు పడింది. ఒక మందు, రెండు మందులు, అయిదు మందులు. దేనికీ లొంగలేదు. ఆ బ్యాక్టీరియా అలాంటిదట. వేళ్ళు నల్లబడ్డాయి. పది రోజుల కిందట సర్జన్ చెప్పింది, చిన్నపిల్ల, మా చెల్లెలి వయసుంటుంది, చాలా నెమ్మదిగా చెప్పింది: "మోకాలి కింద వరకూ తీసెయ్యాలండీ. ఆలస్యం చేస్తే పైకి పాకుతుంది. అప్పుడు కాలు కాదు, మనిషే."

మా అత్తయ్య ఏమందో తెలుసా?

"కాలు తియ్యడమేంటమ్మా? మా కోడలి దగ్గర మందుంది. తయారవుతోంది. రెండ్రోజులు ఆగు."

రెండ్రోజులు ఆగమంది. మళ్ళీ రెండ్రోజులు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం మీద ఎవర్నీ వేలు కూడా పెట్టనివ్వలేదు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు కదా, రోజూ పని మధ్యలో మెట్లెక్కి దిగి ఆస్పత్రికి పరిగెత్తి బతిమాలడం, ఆవిడ తల అటు తిప్పుకోవడం. పక్క మంచం ఆవిడ కూడా నన్ను చెయ్యి పట్టుకుని అడిగింది, "మాక్కూడా కొంచెం ఇస్తావా అమ్మా" అని. వార్డంతా పాకిపోయింది నా కీర్తి!

సర్జన్ నన్ను పక్కకి పిలిచింది. "మీరావిడకి ఏమైనా ఆశ పెట్టారా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నేనేం పెట్టలేదు. ఆ మాట గట్టిగా అనలేకపోయాను మరి.

ఎందుకంటే... ఎందుకంటే, ఎక్కడో నాక్కూడా ఉంది బాబాయ్ ఆ ఆశ. సిగ్గు లేకుండా చెప్తున్నాను. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు కదా? ఏమో? ఎవరికి తెలుసు?

చదువుకున్నదాన్ని, పళ్ళెంలో పనిచేసినంత మాత్రాన ఒంట్లో పనిచెయ్యదని పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. అయినా ఆస్పత్రి ల్యాబులో మేడమ్ కాళ్ళావేళ్ళా పడి, అత్తయ్య పుండులోంచి తీసిన బ్యాక్టీరియానే తెప్పించుకున్నాను, మన మైక్రోబయాలజీ గదికి. దాని మీద పద్నాలుగోది పెట్టి చూద్దామని. వచ్చిందనుకోండి, అప్పుడు ఏం చేసేదాన్నో నాకూ తెలియదు. పుండు మీద రాసేదాన్నా? రాసేదాన్నే, చెప్పలేం.

పాత సీసాలో పొడి అయిపోయింది. కొత్తగా చెయ్యాలి. చేశాను. ఇదిగో, ఈ కండెన్సరే, ఇప్పుడు మీ చేతిలో తిరుగుతోందే, ఇదే తగిలించి మరిగించాను.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, దీంట్లోనే ఉంది అంతా. ఊదుతూనే వినండి.

మా ల్యాబులో ఒక ఆచారముంది. బాగా వచ్చిన రోజు ఏం చేశావో, అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ అదే చెయ్యాలి. ఏదీ మార్చకూడదు. ఆ రోజు ఎడమ పొయ్యి మీద చేస్తే ఎడమ పొయ్యే. నీలం మూత సీసా అయితే నీలం మూతే. మా సీనియర్ ఒకాయన బాగా వచ్చిన రోజు వేసుకున్న చెప్పులే అయిదేళ్ళు వేసుకున్నాడు. సైన్సు చదివినవాళ్ళం మేం!

పద్నాలుగోది మొదటిసారి చేసిన రోజు మా పాప స్కూల్లో జారుడుబండ మీంచి పడింది. గడ్డం చీలింది, కుట్లు వెయ్యాలి, రమ్మని ఫోను. మిగతావన్నీ ఇసకలా పొడిపొడిగా దిగుతాయి. ఇది మాత్రం ముద్దలా దిగింది, పసుప్పచ్చగా. ముద్దని చితక్కొట్టి కడగాలి. నాకు టైమేదీ? ఒక్కసారి నీళ్ళు పోసి, వదిలేసి, పరిగెత్తాను. నోటుబుక్కులో నిజాయితీగానే రాశాను, "చల్లటి నీటితో ఒకసారి కడగడమైనది" అని. ఇంక అదే శాసనమైపోయింది.

పైగా కడిగినకొద్దీ సరుకు తగ్గుతుంది బాబాయ్. కొంచెం నీళ్ళలో పోతుంది, కొంచెం కాగితానికి అంటుకుంటుంది. మా సార్ ముందు చూసేది ఎంత వచ్చిందనే. ఎనభై శాతం వస్తే భుజం తడతారు. అరవై వస్తే, "ఏమ్మా, సగం సింకులో పోశావా?" అంటారు. కాబట్టి మా ల్యాబులో ఎవ్వరూ రెండోసారి కడగరు. కడగద్దని ఎవరూ చెప్పలేదు. కడగమనీ ఎవరూ చెప్పలేదు.

కానీ మొన్న నేను చేస్తున్నది సార్ కోసం కాదు కదా. థీసిస్ కోసం కాదు. ఇంట్లో మనిషి పుండు కోసం. రోలులో వేసి నూరాను. కడిగాను. మళ్ళీ కడిగాను. దిగిన నీళ్ళలో లిట్మస్ కాగితం ముంచితే ఎర్రగా అవుతోంది, అంటే యాసిడ్ ఇంకా ఉందన్నమాట. మళ్ళీ కడిగాను. పసిపిల్ల ఒళ్ళు కడిగినట్టు కడిగాను. ఏడోసారికి కూడా ఎరుపే, కొంచెం. ఎనిమిదోసారి నీలం కాగితం నీలంగానే ఉంది. సగానికి సగం పోయింది సరుకు. పోతే పోయింది. తెల్లారి చూసుకుంటే పొడి ఎంత బాగుందో! నా తొమ్మిదేళ్ళలో అంత శుభ్రమైన సరుకు నేను చెయ్యలేదు.

పళ్ళెంలో పెట్టాను.

మర్నాడు పొద్దున్న తీసి చూస్తే బిళ్ళ ఉంది, దాని అంచు దాకా మసకే. ఒక్క మిల్లీమీటరు ఖాళీ లేదు.

అత్తయ్య బ్యాక్టీరియా మొండిది కదా, పోనీ మనం రోజూ వాడే మామూలు దాని మీద చూద్దామని పెట్టాను. దాని మీదా లేదు.

నా చేతిలో ఏదో తప్పు జరిగిందనుకున్నాను. ఎక్కడో పాడుచేశాననుకున్నాను. మళ్ళీ చేశాను. ఇంకా జాగ్రత్తగా. మళ్ళీ సున్నా. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని నా రెండు చేతులూ చూసుకున్నాను తెలుసా? ఏమైంది వీటికి అని.

మూడోసారి ఒకే పళ్ళెంలో నాలుగు బిళ్ళలు పెట్టాను. ఒకటి ఎనిమిదిసార్లు కడిగింది. ఒకటి పాత పద్ధతిలో ఒక్కసారి కడిగి, తడితడిగా తీసింది. ఒకటి ఉత్త ద్రావకం, పొడిని కరిగించడానికి వాడేది. నాలుగోది ఉత్త ఎసిటిక్ యాసిడ్, నీళ్ళు కలిపింది.

కడిగిందానికి ఏమీ లేదు. ద్రావకానికి ఏమీ లేదు. కడగందానికి ఇరవై నాలుగు. యాసిడ్‌కి ఇరవై అయిదు.

అర్థమైంది కదా? ఊఁ. అంతే బాబాయ్. మధ్యవర్తి ఇంటికి వెళ్ళలేదు. ఆ ముద్దలో దాక్కుని కూర్చుంది. అన్నేళ్ళూ బ్యాక్టీరియాని చంపింది నా పద్నాలుగోది కాదు, అందులో ఇరుక్కున్న వెనిగర్. కొండని తవ్వి ఎలకని పట్టానని కూడా అనడానికి లేదు. ఎలక కూడా నాది కాదు.

కావాలని కడిగిన ఒక్కసారే నిజం బయటపడింది. నిర్లక్ష్యంగా చేసినంత కాలం నేను గొప్పదాన్ని.

సార్‌కి చెప్పాను. చెప్పలేదనుకుంటున్నారా? ఆ పళ్ళెం చేత్తో పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. ఆయన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నారు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు కదా. ఆలోపు నేను థీసిస్ ఇచ్చేస్తే సరే, లేకపోతే ఇంకో గైడు, ఇంకో టాపిక్కు, మళ్ళీ మొదట్నించి. నాకు నలభై నిండుతాయి. ఎవరు తీసుకుంటారు నన్ను?

సార్ పళ్ళెం చూశారు. చాలాసేపు చూశారు. స్కేలు అడగలేదు. "ఎవరెవరికి చెప్పావు?" అన్నారు. "మీకే" అన్నాను. కుర్చీలో కూర్చున్నారు. మనిషి ఒక్కసారిగా ముసలైపోయినట్టనిపించింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించాను, రాలేదు.

"నువ్వు రాసిన అంకెల్లో అబద్ధముందామ్మా?" అన్నారు. "ఇరవై నాలుగు వచ్చింది, ఇరవై నాలుగని రాశాం. ఒకసారి కడిగామని కూడా రాశాం. ఏదీ దాచలేదు కదా?"

నిజమే బాబాయ్! అదే కదా చిత్రం! మూడు వందల పేజీల్లో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. మొత్తం కలిపితేనే అబద్ధం.

మళ్ళీ ఆయనే అన్నారు, "నాకింక పన్నెండు రోజులమ్మా" అని. అంతే అన్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అలా ఆ గదిలో ఇద్దరం చెరో పిడికెడు పట్టుకుని కూర్చున్నాం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. థీసిస్ సంగతి సరే, ఆస్పత్రిలో మంచం మీద ఒకావిడ నా మందు కోసం కాలు కుళ్ళబెట్టుకుంటోంది కదా? నిన్న జ్వరం వచ్చింది. "ఇంక శుక్రవారం దాటితే నేను చెయ్యి పెట్టను" అంది సర్జన్. ఇవాళ గురువారం.

ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళాను. మా ఆయన్ని బయట వరండాలో కూర్చోబెట్టాను. మంచం పక్కన కూర్చుని, "అత్తయ్యా, మందు లేదు" అన్నాను.

"అయిపోయిందా? మళ్ళీ చెయ్యి" అంది.

"కాదత్తయ్యా. అసలు లేదు. ఎప్పుడూ లేదు. అది పని చెయ్యదు. నేను సరిగ్గా కడగలేదు. కడిగితే ఏమీ మిగల్లేదు."

మీకు చెప్పినట్టే చెప్పాను, యాసిడ్ సంగతీ, ముద్ద సంగతీ. ఆవిడ పైకప్పు చూస్తూ వింది. ఎంత అర్థమైందో తెలియదు. పూర్తయ్యాక, "ఎన్నేళ్ళయింది నువ్వు పోబట్టి?" అంది.

"తొమ్మిది."

"ఊఁ" అంది. తర్వాత చెప్పింది, "ఒకసారి నేను ఆరు డజన్ల చొక్కాలు కుట్టేశాను. అన్నిటికీ ఎడమ చెయ్యి కుడికీ, కుడి చెయ్యి ఎడమకీ పెట్టేశాను. పైకి తెలియదు, వేసుకుంటే పట్టేస్తుంది. తెల్లారితే ఇవ్వాలి. చూసినవాళ్ళు లేరు."

"ఏం చేశారు?"

"ఏం చేస్తాను? విప్పి కుట్టాను."

కళ్ళు తుడుచుకోలేదు. ఏడవలేదు అసలు. "ఆ కాగితం ఇలా తే" అంది. నర్సు పెన్నిచ్చింది. మూడో క్లాసు వరకే చదివింది ఆవిడ, పేరు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఒక్కో అక్షరం కుట్టు వేసినట్టు వేసింది. తర్వాత దుప్పటి మీంచి ఆ కాలిని ఒకసారి తడిమి, "రెండో కాలుంది కదా, మిషన్‌కి మోటారు పెట్టించండి" అంది.

రేపు పొద్దున్న ఏడింటికి ఆపరేషన్.

నేను బయట వరండాలోకి వచ్చాను. మా ఆయన "ఏమంది?" అన్నాడు, సంతకం పెట్టిందని చెప్పాను. వారం ముందే చెప్పుంటే పాదం వరకే పోయేదేమో. సర్జన్‌ని అడగలేదు. అడిగితే చెప్తుందని భయం.

అయిందా బాబాయ్? చల్లారాలా? సరే, చల్లారనివ్వండి, నాకేం తొందర లేదు. బాగా కలిసింది, అతుకు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. ఆ ట్యూబు నోట్లోంచి తీసేశారు కదా, ఏమైనా అనండి. అనరా? పోనీలెండి.

ఏం అనాలనుకుంటున్నారో నాకు తెలుసు. "ఇంకేం, అత్తగారికి చెప్పగలిగినదానివి, అందరికీ చెప్పెయ్యమ్మా" అని. "విప్పి కుట్టుకో" అని. అవునా?

ఒక్క సంగతి మీకు చెప్పలేదు. సార్‌కీ చెప్పలేదు, అత్తయ్యకీ చెప్పలేదు. మొదటిసారి పాప పడింది, సరే. రెండోసారి చేసినప్పుడు పాప పడలేదు బాబాయ్. మూడోసారీ పడలేదు. రెండోసారి చేసి, మూడు రోజులు ఆరబెట్టి, సీసా మూత తీస్తే, ముక్కుకి కొట్టింది. వెనిగర్ వాసన. కిటికీలన్నీ తెరిచున్నాయి, చుట్టూ ఎక్కడా యాసిడ్ సీసా లేదు. ఆ వాసన ఎక్కణ్ణించి వస్తోందో తెలియనంత వెర్రిదాన్ని కాదు నేను.

మూత పెట్టేశాను. ఆరేళ్ళయింది.

ఆచారం, టైము లేకపోవడం, సార్ దిగుబడి గోల, అవన్నీ నిజమే. కానీ నా ముక్కు కూడా నిజమే కదా? ఆ మూత పెట్టిన రోజే కడిగి ఉంటే, రెండేళ్ళు పోయేవి. మూడేళ్ళు పోయేవి. అప్పటికి అత్తయ్య కాలికి సూదే గుచ్చుకోలేదు. ఈ మందు మాట ఆవిడ చెవినే పడేది కాదు.

ఇవాళ ఆస్పత్రి నుంచి ఎక్కడికి వెళ్ళాననుకుంటున్నారు? నేరుగా సార్ గదికి. చెప్పేద్దామనే వెళ్ళాను, ఒట్టు, "ఆ ఇరవై నాలుగున్న పట్టిక తీసేద్దాం సార్" అందామనే. థీసిస్ అయిదు ప్రతులు, బైండు చేసి, బంగారు అక్షరాలతో, బల్ల మీద పేర్చి ఉన్నాయి. నా పేరుంది. సార్ మొదటి పేజీ తెరిచి పెట్టారు. "ఇందులోని ఫలితాలన్నీ నా సొంత పరిశోధనలో వచ్చినవనీ, నాకు తెలిసినంతవరకూ సరైనవనీ ధ్రువీకరిస్తున్నాను" అని ఉంటుంది, దాని కింద చుక్కల గీత.

పెట్టేశాను. అయిదు ప్రతుల మీదా పెట్టేశాను. మా అత్తయ్యకి రెండు నిమిషాలు పట్టింది. నాకు అయిదు సంతకాలూ కలిపి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ తర్వాతే స్టోరుకి వెళ్ళాను. ఆ తర్వాతే మీ దగ్గరికొచ్చాను. సలహా కోసం కాదు బాబాయ్. అయిపోయింది.

ఆ కండెన్సర్ ఇంక ఇలా ఇవ్వండి, వేడి తగ్గింది. నాలుగింటికి స్టోరు మూసేస్తారు.

ఇంకేమీ లేదు. ఎవరికీ ఏమీ కాదు కూడా. పద్నాలుగోది ఎవరూ మింగరు, ఎవరూ రాసుకోరు. ఒక్కటే ఉంది, ఆ బస్సులో నా చేతులు నేను చూసుకున్నానే, అదే వదలడం లేదు. ఏదో రోజు ఎక్కడో ఇంకో అమ్మాయి నా పట్టిక చూసి, ఇరవై నాలుగు వచ్చిందట అని, ఆశగా పద్నాలుగోది చేస్తుంది. మంచి పిల్లయితే, పని మీద ప్రేమున్న పిల్లయితే, నూరి, శుభ్రంగా ఎనిమిదిసార్లు కడుగుతుంది. ఏమీ రాదు. తన చేతిలోనే ఏదో లోపముందనుకుని మళ్ళీ కడుగుతుంది.